దుంప తెగిన చోట

1996 ఏప్రిల్ 14

నీళ్ల బోదె పక్కన, పెద్ద కొబ్బరిచెట్టు మొదట్లో, ఉత్త నేల మీద ఒక పువ్వు. ఆకు లేదు, కాడ లేదు. తెలుపు, మధ్యలో వంగపండు రంగు. ఎవరో దేవుడికని కోసుకెళ్తూ జారవిడుచుకున్నారనుకున్నాను. తీయబోతే రాలేదు. నేలలోంచే వచ్చింది.

అక్కయ్య కొండకలువ. మొన్న కార్తీకంలో ఆకులు ఎండి మాయమైతే చచ్చిందనుకున్నాను. మాఘంలో అక్కయ్య పోయింది. ఇది మాత్రం వచ్చింది.

ఏప్రిల్ 15

నిన్నటిది వాడింది. పక్కనే ఇంకొకటి. వాసన ఉంది - మోకాళ్ల మీద కూర్చుంటేనే తెలుస్తుంది.

ఏప్రిల్ 19

అక్కయ్య ఏజెన్సీలో ఆడపిల్లల హాస్టల్లో ఇరవై రెండేళ్లు పనిచేసింది. అక్కణ్ణుంచి వచ్చేవాళ్లు తేనె తెస్తారు, చింతపండు తెస్తారు. ఈవిడ బిస్కెట్ల డబ్బాలో తడిగుడ్డ చుట్టి దుంపలు, మొక్కలు తెచ్చేది. కొండకలువ, నేలతాడి, ముళ్లగోరింట, నాభి. అన్నీ కొబ్బరిచెట్ల నీడన పెట్టింది. రిటైరై వచ్చాక ఆవిడకు అదే లోకం. ఊళ్లోవాళ్లు 'అక్కయ్యగారి అడివి' అనేవారు. నేను పిచ్చిమొక్కలనేవాణ్ణి.

ఇప్పుడు నీళ్లు పోస్తున్నాను. ఎవరూ పొయ్యమనలేదు.

"మీరు పోస్తున్నారా... వాటికి?" అంది మా ఆవిడ వరలక్ష్మి. 'వాటికి' అన్నప్పుడు కొంచెం నవ్వింది.

ఏప్రిల్ 30

మొత్తం పదకొండు పూలు. అయిపోయాయి. మళ్లీ ఉత్త నేల.

జూన్ 22

వాన పడింది. కొండకలువకు ఆకులొచ్చాయి. పైన పచ్చ మీద వెండి మచ్చలు, అడుగున వంగపండు రంగు. పువ్వు పోయాక గానీ ఆకు రాదు. వీటి పద్ధతి వీటిది.

కొత్తపేటలో ఇవాళ నాలుగు దస్తావేజులు రాశాను. పలివెల నుంచి వచ్చిన ఒక ముసలావిడ, హద్దు కింద మామిడిచెట్టు రాయమంది. వద్దన్నాను. "చెట్టు పోద్దమ్మా. రాయి పాతించుకో, రాయి రాస్తాను." ఇరవై ఆరేళ్ల నుంచి అందరికీ ఇదే చెబుతున్నాను. నోరు నొప్పి పుడుతోంది.

జూలై 9

రాయకపోతే బాగుండును. రాస్తున్నాను.

పొద్దున్న తమ్ముడి గేదె పలుపు తెంపుకుని అక్కయ్య మొక్కల్లో పడింది. ముళ్లగోరింట తొక్కేసింది. కొండకలువ ఆకులు సగం నోట్లో ఉన్నాయి. రాంబాబు తీరిగ్గా పళ్లు తోముకుంటూ వచ్చాడు. "నీ దుంప తెగ, కట్టేసుకోలేవుట్రా!" అన్నాను.

అక్కయ్య మాట అది. మాకు చిన్నప్పట్నుంచీ ఆవిడ నోట్లో ముద్దుకీ అదే, తిట్టుకీ అదే. నీ దుంప తెగ, ఎంత పొడుగయ్యావురా. నీ దుంప తెగ, అన్నం తిను. మా ఇద్దరికీ అమ్మ పోయాక అన్నం కలిపి పెట్టింది ఆ మాటే. నా నోటికి అదే వచ్చింది.

రాంబాబు ఆగిపోయాడు. "ఏవన్నావన్నయ్యా?"

ఏమన్నానో నాకు నిజంగా తోచలేదు. కోపంలో మళ్లీ అన్నాను. గట్టిగా.

వాడి భార్య పద్మ పాల చెంబుతో అక్కడే నిలబడి ఉంది. చెంబు గట్టు మీద పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది. అప్పుడు తెలిసింది. వాళ్లకు పెళ్లై పన్నెండేళ్లు. పిల్లల్లేరు. నాకు ఇద్దరు.

రాంబాబు గేదె పలుపు పట్టుకున్నాడు. "తెగటానికి నా దగ్గరేవుందిలే అన్నయ్యా. ఉన్న దుంపలు నీవేగా." అరవలేదు. మామూలుగానే అన్నాడు.

జూలై 10

"వెళ్లి ఓ మాట అనేసి రండి" అంది వరలక్ష్మి.

"ఏమని?"

"ఏదో ఒకటండీ. అనుకోకుండా వచ్చేసిందని."

గుమ్మం దాకా వెళ్లాను. వాళ్ల వసారాలో పద్మ బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. వెనక్కి వచ్చేశాను. ఊళ్లో అందరి మాటలూ నేనే రాసిపెడతాను - 'నా ఇష్టపూర్వకముగా, ఎవరి ప్రోద్బలము లేకుండా' అని. నాది నాకు కుదరలేదు.

జూలై 13

శనివారం. వరలక్ష్మి, పద్మ ఎప్పుడూ కలిసే వాడపల్లి గుడికి వెళ్తారు. ఇవాళ వరలక్ష్మి ఒక్కతే వెళ్లింది.

జూలై 17

పచ్చడి జాడీ తిరిగి వచ్చింది. శుభ్రంగా కడిగి, ఖాళీగా. పద్మ ఈ ఇంటికి వచ్చినప్పట్నుంచీ ఖాళీ గిన్నె పంపింది లేదు. ఏమీ లేకపోతే నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసేది. వరలక్ష్మి జాడీలోకి చూసి, మూత పెట్టి, అటక మీద పెట్టేసింది.

ఆగస్టు 4

ఊళ్లో పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. కాఫీ తాగాడు. చెప్పడానికి చాలాసేపు పట్టింది.

"పంపకాలు చేసేసుకుందావంటున్నారండి తమ్ముడుగారు. గొడవేం లేదంట. ఊరికేనంట."

"ఊరికేనా?"

"ఆయ్. అలాగే చెప్పమన్నారండి."

అక్కయ్య ఉండగా రెండు పొయ్యిలు, ఒకటే దొడ్డి. ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. సరేనన్నాను.

సెప్టెంబరు 3

దస్తావేజు నేనే రాశాను. ఇంకొకళ్ల చేత రాయించడం బాగుండదు. తూర్పు భాగం రాంబాబుకు, పడమర భాగం నాకు. మధ్య హద్దు: 'ఉత్తరమున బోదె వద్ద గల పెద్ద కొబ్బరిచెట్టు మొదలు, దక్షిణమున నూతి గట్టు వరకు తిన్నగా.' ఆ చెట్టుకు పడమర పక్కనే కొండకలువ. నా వైపుకే వచ్చేలా చూసుకున్నాను. అదొక్కటే నేను చూసుకున్నది.

రాంబాబు చదవకుండా సంతకం పెట్టాడు. "నువ్వు రాసేవు కదా."

ఆ మాటకి సిగ్గేసింది.

సెప్టెంబరు 15

రేపు వినాయక చవితి. ఏటా అక్కయ్య, పద్మ కలిసి ఈ దొడ్లోనే పత్రి కోసేవారు. అక్కయ్య పేరు చెప్పి చూపించేది, పద్మ తుంచేది. ఇది ఉత్తరేణి, ఇది విష్ణుక్రాంత, అది కాదే నీ దుంప తెగ, ఆ పక్కది. ఇవాళ రాంబాబు సైకిలుకు కొత్తపేట బజారు పత్రి వేలాడుతోంది. ఒక కట్ట. అందులో సగం జామ ఆకులు.

అక్టోబరు 27

కొండకలువ ఆకులు పసుపెక్కాయి. ఈసారి భయం లేదు. పోతుంది, వస్తుంది.

నవంబరు 10

నాలుగు రోజులుగా రాయలేదు. కాగితం పొడిగా లేదు.

తుఫాను. పెంకులు ఎగిరిపోయాయి. స్లాబు ఉన్నది అక్కయ్య గది ఒక్కటే. అందరం అందులోనే కూర్చున్నాం. వాళ్లు ఆ గోడకి, మేం ఈ గోడకి. పద్మ నా వైపు వీపు పెట్టింది. వరలక్ష్మి అటుకులు పంచితే తీసుకుంది. బయట చెట్లు ఒక్కొక్కటీ పడుతుంటే రాంబాబు మెల్లగా లెక్కపెట్టాడు. పదకొండు దాకా విన్నాను.

తెల్లారి చూస్తే దొడ్డిలో ఆకాశం ఎక్కువైంది. పద్దెనిమిదింట్లో ఆరు మిగిలాయి. పెద్దచెట్టు బోదెకు అడ్డంగా. సముద్రం పక్క ఊళ్ల గురించి వింటున్నవి ఇక్కడ రాయను.

డిసెంబరు 1

కొబ్బరికాయల దింపుకి వచ్చే సత్తియ్య వచ్చాడు. ఎక్కడానికి ఆరు చెట్లే మిగిలాయి. పడిపోయిన చెట్ల మధ్య తిరిగి, ఒక్కోదాన్నీ చేత్తో తట్టాడు. "ఈ పెద్దదాన్ని మా నాన్న ఎక్కేవోడండి. నేనూ ఎక్కేను." టీ ఇస్తే వద్దన్నాడు.

డిసెంబరు 19

కొత్తపేట నుంచి సాయంత్రం వచ్చేసరికి దొడ్డి చదునుగా ఉంది. కూలీలు వచ్చి మొద్దులన్నీ వేళ్లతో సహా పెకలించి, గోతులు పూడ్చి, మట్టి సర్ది వెళ్లారు. రాంబాబు పిలిపించాడు. మంచి పనే. నా వైపువి కూడా తీయించాడు.

పెద్దచెట్టు ఎక్కడుండేది?

అటు నుంచి చూశాను, ఇటు నుంచి చూశాను. బోదె గట్టు కూడా తుఫానుకు తెగి కొత్తగా కట్టారు. గుర్తు లేదు. కొండకలువ జాడ చెట్టును బట్టే నాకు తెలుసు - మొదలుకు పడమర రెండు జానలు. చెట్టు లేదు. ఆకు లేదు. నేల అంతా ఒక్కలాగే ఉంది.

రాయి పాతించుకోమని ఊరందరికీ చెప్పినవాణ్ణి. నా హద్దుకు చెట్టు రాశాను.

1997 జనవరి 20

రాంబాబు గోడ కట్టించుకుంటాడట. ఇటుకలు దిగాయి.

ఫిబ్రవరి 9

ఆదివారం. తాపీ మేస్త్రీ వెంకన్న దారం కండె పట్టుకుని వచ్చాడు. దస్తావేజు నకలు అడిగాడు. చదివి వినిపించాను.

"ఆయ్, బాగుందండి. మరి చెట్టెక్కడండి?"

రాంబాబు ఒక చోట కాలు పెట్టాడు. నేను ఒక చోట పెట్టాను. మధ్య మూడడుగులు. వాడు నా వైపుకు జరిగాడని నాకు. నేను వాడి వైపుకు జరిగానని వాడికి. ఇద్దరం అబద్ధం చెప్పడం లేదు. అదే ఇబ్బంది.

"ఇంత పెద్ద లేఖరిగారు, చెట్టు రాసేరేంటండీ బాబూ!" అన్నాడు వెంకన్న. ఎగతాళి కాదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

రాంబాబు చోట దారం పడితే కొండకలువ ఎక్కడున్నా దాదాపు పునాది కిందే. నాకు తెలుసు. వాదించవచ్చు. ఇద్దరు సాక్షుల్ని తేవచ్చు, సత్తియ్య చాలు. రాంబాబు ముఖం చూశాను. జూలై నుంచి వాడి ముఖం సరిగ్గా చూసింది ఇవాళే. చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి.

"వాడు కాలు పెట్టిన చోటే దారం కట్టు వెంకన్నా" అన్నాను.

రాంబాబు కాలు తీసి పక్కకు జరిగాడు. అది నేను చెప్పలేని మాటకు బదులని వాడికి తెలిసిందో లేదో తెలియదు. తెలియలేదనే అనుకుంటున్నాను.

ఫిబ్రవరి 10

కొత్తపేట వెళ్లలేదు. పునాది తవ్వుతుంటే గట్టు మీద కూర్చున్నాను. దేనికని వరలక్ష్మి అడగలేదు.

పదిన్నరకి వెంకన్న గునపం ఆపాడు. వంగి మట్టిలోంచి ఏదో తీశాడు. వేలెడు దుంప, దానికి దారాలకు గుచ్చినట్టు చిన్న చిన్న గుండ్లు వేలాడుతున్నాయి. నిలువునా రెండు ముక్కలు.

"అయ్యయ్యో, ఏదోనండి... దుంప తెగిందండి" అన్నాడు. పాపం, ఉన్నమాటే అన్నాడు.

పద్మ వాళ్ల గుమ్మంలో ఉంది. రాంబాబు ఇటుకల దగ్గర. నేను గట్టు మీద. ఎవరూ కదల్లేదు. వెంకన్న ముగ్గుర్నీ చూసి, తనేం తప్పు చేశాడో తెలియక ముక్కలు రెండూ గట్టు మీద పెట్టి మళ్లీ గునపం ఎత్తాడు.

ముక్కలు చేతిలోకి తీసుకున్నాను. లోపల తెల్లగా, తడిగా ఉన్నాయి. పసుపుకొమ్ము వాసన. ఒక ముక్కకు మొలకెత్తే కన్ను బాగా కనిపిస్తోంది, రెండోదానికి ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. అక్కయ్య ఏటా వాటిని తవ్వి, కత్తిపీట మీద పెట్టి, కన్నుకో ముక్క చొప్పున తనే కోసేది. తెగితేనేరా పెరిగేది, అనేది. ఎన్నిసార్లు విన్నానో. వినలేదన్నమాట.

లేచి కందకం అవతలికి చెయ్యి చాపాను. "ఇది నీది."

కన్ను ఉన్న ముక్క.

రాంబాబు తీసుకున్నాడు. "ఏం చెయ్యాలి దీన్ని?"

"ఏమీ చెయ్యక్కర్లేదు. మట్టిలో పెట్టు."

వాడు కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి ఇటుకల మీద పెట్టాడు. వెంకన్న సిమెంటు కలపమని అరిచాడు. రాంబాబు అటు వెళ్లిపోయాడు.

అసలు చెప్పాల్సింది అప్పుడే. తెగితే పెరుగుతుందని, అక్కయ్య మాటకు అర్థం అదేనేమోనని. గొంతులోకి వచ్చింది. పద్మ వింటోంది. రాలేదు.

ఫిబ్రవరి 11

ఇటుకల మీద ముక్క లేదు. సగం ఇటుకలు గోడలోకి వెళ్లిపోయాయి. అది ఎటు వెళ్లిందో. ఎలక ఎత్తుకుపోయి ఉండవచ్చు.

నా ముక్కను గోడకు ఇవతల పెట్టాను. నీడ లేదు. నాలుగు కర్రలు పాతి కొబ్బరిమట్టలు కప్పాను.

ఫిబ్రవరి 24

గోడ అయిపోయింది. భుజాల ఎత్తు. నిలబడితే అవతల తల కనబడుతుంది. కూర్చుంటే ఎవరి దొడ్డి వాళ్లది.

ఏప్రిల్ 14

లేదు.

ఏప్రిల్ 29

లేదు.

మే 18

ఆవకాయ పెట్టారు. వరలక్ష్మి అటక మీంచి ఆ జాడీ దింపింది. నిండా పెట్టి, గోడ మీద ఉంచి, "పద్మా!" అని ఒక్క కేక వేసి లోపలికి వచ్చేసింది. గంట తర్వాత చూస్తే జాడీ లేదు.

ఈ ఇంట్లో తెలివైనది ఎవరో రాయనక్కర్లేదు.

జూలై 6

నా ముక్క దగ్గర ఆకు కూడా లేదు. మట్టి కదిపి చూడబుద్ధవుతోంది. చూడకూడదు. అక్కయ్య చెయ్యి మీద ఒకటి వేసేది.

నీడ పోయాక అక్కయ్య అడివిలో సగం మాడిపోయింది. నేలతాడి ఆకులు అంచుల నుంచి ఎండుతున్నాయి. తుమ్మి మాత్రం ఎవరూ వెయ్యకుండా తెల్లగా లేచింది. విష్ణుక్రాంత కూడా, నేలంతా నీలం. ఎండలో బతికేవి ఎక్కడ దాక్కున్నాయో ఇన్నాళ్లూ.

ఆగస్టు 11

నాభి తీగ గోడెక్కింది. ఎర్రగా పసుపుగా పూలు. ఆకు కొసతో దొరికినదాన్ని పట్టుకుని పాకుతుంది, ఇప్పుడు గోడ దాటి అటు దిగింది. అటు కిందే రాంబాబు గేదెను కడతాడు. నాభి నిలువెల్లా విషం.

చెప్పాలి. ఇది చెప్పకపోతే పాపం.

గోడ దగ్గరకు వెళ్లాను. రాంబాబు కుడితి కలుపుతున్నాడు. "ఆ తీగ..." అన్నాను. "గేదె నోటికి అందకుండా చూసుకో. విషం."

"ఆయ్" అన్నాడు. కుడితి కలుపుతూనే, "తెలుసన్నయ్యా. అక్కయ్య చెప్పింది."

వాడు నన్ను అన్నయ్యా అని ఏడాది మీద నెల. లెక్కపెట్టాను.

ఆగస్టు 12

గేదెను అవతలి మూలకు మార్చి కట్టాడు. తీగను కొయ్యలేదు.

సెప్టెంబరు 5

చవితి పత్రికి పద్మ గోడ అవతల తనే కోసుకుంటోంది. ఉత్తరేణి, గరిక, తుమ్మి. పైకి చెప్పుకుంటూ కోస్తోంది, అక్కయ్య చెప్పినట్టే. విష్ణుక్రాంత వాళ్ల వైపు లేదు. దోసెడు కోసి ఆకులో పెట్టి గోడ మీద ఉంచాను. నేను కేక వెయ్యలేదు. సాయంత్రానికి వాడిపోయి అక్కడే ఉంది.

సెప్టెంబరు 6

పూజ. రాంబాబు మా ఇంటికి రాలేదు. మేం వెళ్లలేదు. వ్రతకథ గోడ అవతల నుంచి వినబడింది. వాడు చదువుతున్నాడు, ఆమె అక్షతలు పట్టుకుని వింటుంటుంది. మాది మేం చదువుకున్నాం. ఒకే కథ, వాళ్లు రెండు పేజీలు ముందు.

నవంబరు 8

జాడీ ఇంకా తిరిగి రాలేదు. "రాకపోతేనే మంచిదండీ" అంటుంది వరలక్ష్మి.

1998 జనవరి 30

మట్టలు మార్చాను. కింద నేల నల్లగా, చల్లగా ఉంది. ముక్క ఉందో కుళ్లిందో. రెండు కొత్త కొబ్బరిమొక్కలు వేయించాను. అవి నీడ ఇచ్చేసరికి నేనుంటానో లేదో. ముక్క పెట్టిన చోట రాయి కూడా పాతించాను. హద్దుకు కాదు. మొక్క జాడకి.

మార్చి 22

ఎండలు మొదలు. రోజూ పొద్దున్నే ఒక చెంబు. అలవాటైపోయింది. దేనికి పోస్తున్నానో అడిగితే చెప్పలేను.

ఏప్రిల్ 5

లేదు.

ఏప్రిల్ 12

ఆదివారం. ఏడు కాలేదు. చెంబుతో వెళ్లి మట్టల పక్కన కూర్చున్నాను. నేలకు ముఖం ఆనించి చూశాను. లేదు. చీలిక కూడా లేదు.

గోడ అవతల చీపురు చప్పుడు. పద్మ ఊడ్చుకుంటూ ఇటే వస్తోంది. చీపురు ఆగింది. తర్వాత గాజులు - కింద కూర్చున్నట్టు.

"నీ దుంప తెగ" అంది. మెత్తగా. "నిన్ను పెట్టి ఎన్నాళ్లయిందే! ఇప్పుడా రావడం?"

అంటే ఎలక కాదు.

ఆ మాట ఆ గొంతులో నేనెప్పుడూ వినలేదు. అక్కయ్య విరుపు, అక్కయ్య సాగదీత. పువ్వుతోనే అంది, ఇంకెవరితోనూ కాదు. నేనిక్కడున్నానని తెలిసి అందో, తెలియక అందో. కళ్లు తడిశాయి. రాయడానికి ఇబ్బందిగా ఉంది, కానీ తడిశాయి.

లేచి నిలబడితే తల కనబడుతుంది. రెండేళ్లుగా దాచుకున్న ముక్క ఒకటే. అనుకోకుండా వచ్చేసిందమ్మా, అని. అంతే. చెంబు కింద పెట్టాను. గోడ మీద చెయ్యి వేశాను.

చీపురు ఇంకా కదల్లేదు.